పిడుగు కడ్డీ

కిరాణా కొట్టు బోర్డు మీద రూపాయి గుర్తు కనపడగానే ప్రేమ్ కుమార్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆ గుర్తు పుట్టింది రెండువేల పదిలో. ఈ సందులో నడుస్తున్నదేమో పంతొమ్మిది వందల తొంభై ఆరు. ఫోన్‌తో బోర్డును ఫొటో తీసి, తన జాబితాలో పదిహేడో తప్పుగా ఎక్కించాడు. "కిరాణా బోర్డు. తీవ్రత రెండు. 'రూ.' అని మార్చాలి. ఆధారం జతచేయడమైనది."

సందంటే నిజం సందు కాదు. నార్సింగిలో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఖాళీ జాగాలో ప్లైవుడ్డుతో లేపి, పైన సిమెంటు పూత పూసిన సెట్టు. ఎదురుగా చూస్తే ఒకనాటి కొత్తగూడ, తల కాస్త పైకెత్తితే నలభై అంతస్తుల అద్దాల టవర్లు. కెమెరా తల ఎత్తదు కాబట్టి ఫికర్ లేదని డైరెక్టర్ గిరీష్ మొదటి రోజే చెప్పాడు.

ఈ గిరీష్ ఐదేళ్ళ కిందట హైటెక్ సిటీలో ప్రేమ్ కుమార్ టీమ్‌లోనే టెస్టింగ్ చేసేవాడు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం వాళ్ళ పని. సాయంత్రం టీ దగ్గర ప్రేమ్ చెప్పే తొంభైల ముచ్చట్లు నోరు తెరుచుకుని వినేవాడు. ఆ పాటలు, ఆ డైలాగులు, ఆ ప్రకటనలు, ఏది ఎత్తినా ప్రేమ్ గొంతు మార్చి మరీ వినిపించేవాడు. ఇప్పుడు ఆ దశాబ్దం మీదే కామెడీ సినిమా తీస్తూ, "మీకన్నా తెలిసిన మనిషి లేరన్నా, వచ్చి మా తప్పులు పట్టండి" అని పిలిచాడు. ప్రేమ్ ఐదు రోజులు సెలవు పెట్టాడు.

"తప్పులు పట్టడానికి సెలవెందుకండీ? ఇంట్లో రోజూ చేస్తున్నదేగా," అంది భార్య జాస్మిన్.

మంగళవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ప్రేమ్ చేతికి కొత్త పేజీలు వచ్చాయి. నలభై రెండో సీను. శుక్రవారం సాయంత్రం. టీవీలో పాటల కార్యక్రమం. సందు జనమంతా ఒక పెంకుటింటి ముందు చేరతారు. ఎదురింటి నర్సు, తెల్లచీర, మెడలో సిలువ. పాట మొదలవగానే చెవుల్లో దూది పెట్టుకుని, కిటికీ రెక్కలు ధడాలున మూస్తుంది. రెక్క తగిలి హీరో మూతి పగులుతుంది. సందంతా నవ్వు. పాత్ర పేరు, కిటికీ ఆంటీ.

ప్రేమ్ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. సోమవారం ఇదే చెట్టు కింద, ఇదే పెరుగన్నం తింటూ, "శుక్రవారం వస్తే చాలు, మా అమ్మ కిటికీ ధడేల్మని మూసేది" అని నవ్వించింది తనే. దూదీ, హీరో మూతీ మాత్రం వాళ్ళు కలిపినవే.

"గిరీష్, ఇది మా అమ్మ కదయ్యా."

"మీరు చెప్పిందే కదన్నా! సెట్టులో అందరికీ తెగ నచ్చింది. రాసినవాడయితే పడీ పడీ నవ్వాడు."

"తీసేయ్. ఆవిడకి తెలిస్తే బాధపడుతుంది."

గిరీష్ చెయ్యి కడుక్కుని, రుమాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "మీరే నేర్పారన్నా. బాధ అనేది తప్పుల జాబితాలో ఎక్కదు, ఆధారం లేని తప్పు తప్పు కాదు అని. అది అలా జరగలేదని చూపించండి, తీసేస్తాను. షూటింగ్ శుక్రవారం."

నిజమే, నేర్పింది తనే. జాబితా తెరిచి ముప్పై రెండో వరుసలో "కిటికీ ఆంటీ" అని రాసి, ఆధారం గడిలో ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాడు. కిటికీ మూసింది నిజం. తన కళ్ళారా చూశాడు. నాన్న జాన్సన్ చర్చిలో సంఘ పెద్ద. మంచాన పడి పోయేముందు, "కరుణా, మనింట్లోకి సినిమా రానివ్వకు" అన్నాడు. అమ్మ రానివ్వలేదు. టీమ్‌లో ఎవరికీ తెలియని సంగతేమిటంటే, ప్రేమ్ కుమార్ ఆ దశాబ్దంలో ఒక్క పాట కూడా కళ్ళతో చూడలేదు. మూసిన కిటికీకి చెవి ఆనించి విన్నదే అతని తొంభైలు. బొమ్మలన్నీ చాలా ఏళ్ళ తర్వాత ఫోన్లో చూసి అతికించుకున్నవి.

బుధవారం నర్సు ఇల్లు సిద్ధమైంది. ఆర్ట్ డైరెక్టర్ పద్మావతి చుట్టూ తిప్పి చూపించింది. యాభై దాటిన మనిషి, విజయవాడ వైపు. చెవి వెనక పెన్సిలు, చేతులకి ఎప్పుడూ ఏదో ఒక రంగు. సున్నం గోడ, పచ్చరంగు కిటికీ, స్లాబు పైకి ఇటుక మెట్లు. అన్నీ సరిగ్గా ఉన్నాయి, అదే అతని బాధ. ఒక్క పెద్ద తప్పు దొరికితే ఆ సీను మొత్తం తిప్పి కొట్టొచ్చని ఆశ. దొరికింది కూడా.

"పైన పిడుగు కడ్డీ లేదు మేడం," అన్నాడు.

"ఏం కడ్డీ అండీ?"

"పిడుగు పడకుండా పెడతారు కదా. మా ఇంటి మీద ఉండేది. మాది స్లాబు, ఎత్తిల్లు, అందుకని."

పద్మావతి చెవి వెనక పెన్సిలు తీసిచ్చింది. "గీయండి, చేయిద్దాం."

ప్రేమ్ అట్టముక్క మీద గీశాడు. నిలువుగా ఒక పైపు. పైన అడ్డంగా ఒక ఊచ. ఆ ఊచకి అటూ ఇటూ చిన్న చిన్న కడ్డీలు. ఒకటి, రెండు, మూడు. నాలుగోది గీస్తుండగా అతని చెయ్యి నెమ్మదించింది. ఐదోది గీయలేదు. అట్ట మీద ఉన్నది చేప ముల్లులా ఉంది. అలాంటిది ఈ సెట్టులోనే ఆరు ఇళ్ళ మీద నిలబెట్టి ఉంది, మొన్న వాటి ఎత్తు సరిపోలేదని తప్పు రాసింది కూడా తనే.

"ఇది యాంటెన్నా అండీ," అంది పద్మావతి మెల్లగా.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్విన నవ్వుకి పక్క సెట్టులో పనివాళ్ళు కూడా తొంగి చూశారు. తొంభైల పండితుడు ముప్పై ఏళ్ళుగా యాంటెన్నాను పిడుగు కడ్డీ అనుకుంటున్నాడు! ప్రేమ్ కూడా నవ్వబోయాడు, రాలేదు. ఆ కడ్డీ నుంచి ఒక చదునైన తీగ సందు దాటి ఎదురింటి చంద్రమ్మ ఇంట్లోకి పోయేది. పిడుగు పడితే ఆ తీగ వెంట జారిపోతుందని అమ్మ చెప్పింది. తొమ్మిదేళ్ళ ప్రేమ్ వాన పడ్డ ప్రతి రాత్రీ, చంద్రమ్మ పెద్దమ్మ ఇంట్లోకి పిడుగు పోకూడదు ప్రభువా అని మోకరించి ప్రార్థన చేసేవాడు. పెద్దయ్యాక ఎన్నో యాంటెన్నాలు చూశాడు. అయినా ఆ పేరూ ఈ కడ్డీ అతని బుర్రలో ఎన్నడూ ఒకచోట కలుసుకోలేదు.

టీవీ లేని ఇంటి మీద యాంటెన్నా ఎందుకుంది? ఇంటికి వెళ్ళేదాకా అదే ఆలోచన. మణికొండలో మలుపు తిరగాల్సిన చోట తిరగడం మరిచిపోయి రెండు కిలోమీటర్లు ముందుకు పోయాడు.

కరుణమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని గోంగూర వలుస్తోంది. రిటైరై పదేళ్ళయినా ఆకు వలిచే తీరులో నర్సు కనపడుతుంది, ఒక్క ఈనె కూడా గిన్నెలోకి పోనివ్వదు.

"అమ్మా, కొత్తగూడలో ఉన్నప్పుడు మనకి టీవీ ఉండేదా?"

"మతి పోయిందేంట్రా? మనకి టీవీ ఎక్కడిది?"

"మరి మేడ మీద యాంటెన్నా?"

ఆవిడ చేతిలో కాడ ఒక్క క్షణం ఆగింది. "అది మనది కాదు."

"పిడుగు కడ్డీ అని చెప్పావు కదా."

"చిన్నపిల్లాడివి. నూటొక్క ప్రశ్నలు వేసేవాడివి. ఏదో ఒకటి చెప్పాలి కదా," అని గిన్నె పట్టుకుని లేచిపోయింది. కుళాయి తిప్పి, కడిగిన ఆకే మళ్ళీ కడిగింది.

అబద్ధమంటే ఆమడ దూరం జరిగే మనిషి అమ్మ. ఆదివారం బడిలో పది ఆజ్ఞలు అప్పజెప్పించిన మనిషి. ఆవిడే అబద్ధం చెప్పిందంటే ఇంకేం దాచింది? మంచం కింద తాళం వేసిన ట్రంకు పెట్టె గుర్తొచ్చింది. అందులో టీవీ పడుతుందా అని కూడా ఆలోచించి, తన మీద తనకే సిగ్గేసింది. మంచం మీద వాలినా ఏది తను చూసిందో, ఏది విన్నదో, ఏది ఎవరో చెబితే నమ్మిందో తేలలేదు.

గురువారం ఉదయం సెట్టుకి వెళ్ళకుండా కొత్తగూడ వెళ్ళాడు. చంద్రమ్మ పెంకుటిల్లు ఉన్న చోట నాలుగంతస్తుల మేడ లేచింది. పైన అమ్మాయిల హాస్టల్, కింద సెల్‌ఫోన్ల దుకాణం. ఫ్లైఓవర్ నీడ సరిగ్గా గేటు మీద పడుతోంది. పార్కింగులో స్కూటర్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఒక ముసలామె కూర్చుంది. పక్క కుర్చీలో ఆమె భర్త ఐలయ్య, ఒకప్పుడు ఇంటింటికీ పాలు పోసిన మనిషి, నిద్రపోతున్నాడు.

"ఎవలు బిడ్డా? హాస్టలు ఆడివోరగాళ్ళకే," అంది చంద్రమ్మ.

"పెద్దమ్మా, నేను ప్రేమ్‌ని. నర్సమ్మ కొడుకుని."

"ఓ నా కొడుకా! గింత గనమైనవా! మీ అమ్మ మంచిగున్నదా? మోకాళ్ళు నొస్తున్నయా?" చేతులు పట్టుకుని కూర్చోబెట్టుకుంది. ప్రేమ్ ఎక్కువసేపు ఆగలేకపోయాడు.

"పెద్దమ్మా, మా ఇంటి మీద ఒక యాంటెన్నా ఉండేది..."

"మాదే గదా బిడ్డా! మాది పెంకుటిల్లు, పెంకల మీద గంత పైపు యాడ నిలవడ్తది? మీ అమ్మను అడగనీకి నేను మస్తు భయపడ్డ. మీ ఇంట్ల సినిమా నడ్వదని ఊరందరికి తెల్సు. మీ అమ్మ మా పెంకల దిక్కు చూసింది. చూసి, 'మా ఆయన ఇంట్లోకి రానివ్వొద్దన్నాడు చంద్రమ్మా, ఇంటి మీదికి వద్దనలేదు, పెట్టుకో' అన్నది."

ప్రేమ్ నవ్వాడు. ఈసారి నవ్వు వచ్చింది, కానీ కళ్ళలో నీళ్ళు కూడా ఎందుకొచ్చాయో అర్థం కాలేదు.

"గాలి కొట్టిందంటే బొమ్మ పోయేది. ఈయన పాలు పొయ్యవోయేటోడు. నేను కడుపుతోని ఉంటి, మెట్లెక్కరాదు. మీ అమ్మనే ఎక్కేది. డ్యూటీకి పోయేటి తెల్లచీర కుచ్చిళ్ళు దోపుకొని, పైపు పట్టుకొని తిప్పేది. నేను గడపల నిలవడి మొత్తుకునేదాన్ని. పోయింది నర్సమ్మా, వచ్చింది, మల్ల పోయింది, ఆ ఆ వచ్చింది, ఇగ దిగు! అంటే దిగి, ఇంట్లకు పోయి, కిటికి మూసుకునేది."

"నేనెప్పుడూ చూడలేదే!"

"నిన్ను నల్లా కాడికి తోలేది బిందె ఇచ్చి. నువ్వు చూస్తే, సినిమా ఇంటి మీదికి వస్తది గని ఇంట్లకు ఎందుకు రాదే అని పీకుతవని. నేను ఒకపారి అడిగిన. గంత కష్టపడి మాకు బొమ్మ తెస్తివి, మల్ల గా కిటికి మూసుడేంది అని. 'బొమ్మ నీకు రావాలి, మాట నాకు ఉండాలి' అన్నది. ఇగ నేను గూడ, మీ అమ్మకు నైట్ డ్యూటీ పడి నువ్వు మా ఇంట్ల పండుకున్ననాడు టీవీ మీద దుప్పటి కప్పేదాన్ని. మా పోరలు ఒక్కటే ఏడ్పు."

ఆ దుప్పటి ప్రేమ్‌కి గుర్తుంది. ఎర్ర పూల దుప్పటి. తను పడుకున్న రాత్రే వాళ్ళ టీవీ చెడిపోతుందని అనుకునేవాడు. ఇదీ తప్పే.

అమ్మ నంబరు కలిపి ఫోన్ చంద్రమ్మ చేతికిచ్చాడు. ఇద్దరు ముసలమ్మలూ అరగంట మాట్లాడుకున్నారు. ఫోన్ పెట్టేస్తూ చంద్రమ్మ, "రేపు షూటింగ్ నాకు గూడ చూపెట్టాలె. మీ అమ్మ కూడ వస్తనన్నది, కారుల కూసుంటదంట," అంది.

శుక్రవారం పొద్దున ప్రేమ్ ఆధారంతో సహా గిరీష్ ముందు నిలబడ్డాడు. ముప్పై రెండో తప్పు, తీవ్రత ఒకటి, అంటే అన్నిటికన్నా పెద్దది. కిటికీ మూయకముందు ఆ నర్సు మేడ ఎక్కి యాంటెన్నా తిప్పాలి. గిరీష్ శ్రద్ధగా విన్నాడు. విని తల అడ్డంగా ఊపాడు.

"నిజమే కావచ్చన్నా. కానీ ఎవరూ నమ్మరు. టీవీ అంటే గిట్టని ఆవిడ ఇంటి మీద యాంటెన్నానా? విడుదలైన రోజే, సినిమాలో తప్పులు చూడండి అని ఎర్ర గీత చుట్టి వీడియో పెడతారు. మీరే చెప్పండి. ఈ కథ తెలియకుండా సెట్టు మీద అది చూసుంటే మీరేం రాసేవారు?"

ప్రేమ్ చేతిలోని జాబితా వైపు చూసుకున్నాడు. తప్పనే రాసేవాడు. తీవ్రత ఒకటి.

"జరిగింది తీస్తున్నామా, జనం జరిగిందనుకునేది తీస్తున్నామా గిరీష్?"

"నాకూ తెలీదన్నా," అన్నాడు గిరీష్ నిజాయితీగా. "నవ్వు మాత్రం కిటికీ దగ్గరుంది."

నాలుగు గంటలకి జాస్మిన్ ఇద్దరు పెద్దవాళ్ళనీ కారులో తెచ్చింది. సెట్టు చివర, తాడు కట్టినచోట ఆపింది. చంద్రమ్మ జరీ చీరలో దిగింది. కరుణమ్మ దిగలేదు. ముందు సీట్లో కూర్చుని అద్దం పూర్తిగా పైకెత్తుకుంది. ఎదుటి అద్దంలోంచి సందు కనపడుతోందని గమనించి, ఒళ్ళోని బైబిలు తెరిచి తల దించుకుంది.

మానిటర్ వెనక కుర్చీ వేస్తే చంద్రమ్మ కూర్చోకుండా నిలబడే చూసింది. రిహార్సల్ మొదలైంది. నర్సు వేషంలో ఉన్న నటి దూది పెట్టుకుంది, రెక్కలు మూసింది, హీరో మూతి పట్టుకుని వెల్లకిలా పడ్డాడు. అందరూ నవ్వారు. చంద్రమ్మ ప్రేమ్ చొక్కా లాగింది.

"గామె ఎవలు?"

"అమ్మే, పెద్దమ్మా."

"కిటికి మూసింది సరేగని, పైకెల్లి ఎప్పుడు దిగింది?"

 ఇంతలో నిశ్శబ్దం అని కేకేశారు. టేక్. పెంకుటింటి గడప ముందు పాత టీవీ, తెర నిండా చుక్కలు. పెన్‌డ్రైవ్ నుంచి బొమ్మ వదిలారు. చుక్కలు చెదిరి తెర మీద పాట వెలిగింది. "వచ్చింది!" అని సందు జనమంతా ఒక్కసారి అరవాలి. అరిచారు. ఆ అరుపు అణిగీ అణగకముందే మానిటర్ వెనక నుంచి ఇంకో గొంతు లేచింది.

"వచ్చింది నర్సమ్మా! ఇగ దిగు!"

చంద్రమ్మ టీవీ వంక చూడటం లేదు. ఎదురింటి స్లాబు మీదికి చూస్తోంది. అక్కడ ఏమీ లేదు. అయినా సందులో నిలబడ్డ అరవై మంది తలలూ అటే తిరిగాయి. కెమెరా వెనకవాడూ చూశాడు. గిరీష్ కట్ చెప్పడం మరిచి తనూ పైకే చూశాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అయ్యో, నేను ఒర్లిన్నా?" అంది చంద్రమ్మ.

గిరీష్ చూపు స్లాబు మీద నుంచి తిప్పకుండానే, "పద్మావతిగారూ, ఇంకో యాంటెన్నా చేయించాలంటే ఎంతసేపు?" అన్నాడు.

"బుధవారం సారు గీసినప్పుడే చేయించానండి. ఎవరూ అడగలేదు, వెనకాల పెట్టాను."

"రెండు రకాలుగానూ తీద్దాం," అన్నాడు గిరీష్ ప్రేమ్‌తో. "నవ్వుతారో, ఏమవుతారో నాకర్థం కావట్లేదన్నా."

పైన పైపు బిగిస్తుండగా ప్రేమ్ కారు దగ్గరికి వెళ్ళాడు. అద్దం మీద తట్టాడు. అమ్మ నాలుగు వేళ్ళ మందం దించింది.

"అమ్మా, నువ్వు కిటికీ మూయడం మీద కామెడీ సీను రాశారు. చెప్పింది నేనే. వాళ్ళు నిన్ను చూసి నవ్వుతున్నారు."

కరుణమ్మ బైబిలు మూసి, వేలు పేజీలోనే ఉంచుకుంది. "అప్పుడూ నవ్వేవాళ్ళురా. కిటికీ మూసినంత మాత్రాన వినపడదా? ఇందాక చంద్రమ్మే కదా అరిచింది?"

"అవును."

"బొమ్మ సరిగ్గా వస్తోందా దానికి?"

పెన్‌డ్రైవ్ సంగతి చెప్పబోయి మానుకున్నాడు. "ఇప్పుడే పెడుతున్నారమ్మా."

ఆవిడ అద్దం ఎత్తేసుకుంది. ప్రేమ్ జాబితా తెరిచి ముప్పై రెండో వరుస చూశాడు. పరిష్కారమైనది అని రాయాలా, తప్పే కాదు అని రాయాలా తోచక, ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

స్లాబు మీద నటి తెల్లచీర కుచ్చిళ్ళు దోపుకుని పైపు పట్టుకుంది. ఎటు తిప్పాలో తెలియక కింద గిరీష్ వైపు చూసింది. గిరీష్ ప్రేమ్ వైపు చూశాడు. ప్రేమ్‌కి తెలియదు. ఆ వేళ అతను నల్లా దగ్గర ఉండేవాడు కదా.

కారు అద్దం వెనక బైబిలు పక్కకి జరిగింది. కరుణమ్మ ముందుకి వంగి, స్లాబు వంక రెప్ప వేయకుండా చూస్తోంది. కుడిచెయ్యి పైకి లేచింది. పిడికిలి పైపు పట్టుకున్నట్టే మెల్లగా తూర్పుకి తిరిగింది. ఆగింది. ఇంకాస్త తిరిగింది. ప్రేమ్ ఆ చేతినే చూస్తూ నటికి సైగ చేశాడు, ఎడమకమ్మా, ఇంకొంచెం, ఇంకొంచెం. పైపు తిరిగింది. దానికి తీగే తగిలించలేదు.

సందులోంచి చంద్రమ్మ కేక వినపడింది. "ఆ ఆ! వచ్చింది!"

అద్దం వెనక ఆ చెయ్యి ఒళ్ళోకి దిగింది.